ముద్దయీ ముద్దాయి ఎట్లా అయ్యాడు?

ఉర్దూలో ఒక కహావత్ ఉంది: "ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్." కేసు పెట్టినవాడు నీరసంగా కూర్చుంటే సాక్షి మాత్రం మహా హుషారుగా ఉన్నాడట. తనది కాని గొడవలో తగుదునమ్మా అని తలదూర్చే పెద్దమనుషుల్ని చూసి మా ఇళ్లల్లో ఈ మాట అంటారు. తెలుగు మాత్రమే వచ్చిన దోస్తు ఎవరికైనా ఈ కహావత్ వినిపించి చూడండి. నేరం చేసినవాడు కునుకు తీస్తుంటే సాక్షి గంతులేస్తున్నాడని అనుకుంటాడు. ఆయన అట్లా అనుకోవడంలో తప్పేమీ లేదు. తెలుగులో ముద్దాయి అంటే బోనులో నిలబడేవాడు. ఉర్దూలో, అంతకు ముందు ఫార్సీలో, అంతకు ముందు అరబ్బీలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. నాకు నాఇన్సాఫీ జరిగింది, నా హఖ్ నాకు ఇప్పించండి అని కచేరీ గడప ఎక్కినవాడు.

లఫ్జ్ ఒకటే. బయల్దేరినప్పుడు ఫిర్యాది, మన కనిగిరి కోర్టు దాకా వచ్చేసరికి నేరస్థుడు. దారిలో ఏం జరిగింది?

పదో తరగతి దాకా నాది ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు సాహిత్యం. ఈ జోడీ కుదిరినవాడికి ఒక విచిత్రమైన జబ్బు పట్టుకుంటుంది. ఏ మాట విన్నా రెండు చెవులు రెండు మతలబులు చెబుతాయి. పేపర్లో పనిచేసే రోజుల నుంచీ ఇట్లాంటి మాటలు ఒక నోటు బుక్కులో రాసుకుంటూ వస్తున్నాను. మొదట తమాషాకే రాసుకున్నాను. పేజీలు నిండేకొద్దీ అది తమాషాగా మిగల్లేదు.

వాదా చూడండి. ఉర్దూలో వాదా అంటే మాట ఇవ్వడం. ఆషిఖ్ మాషూఖ్‌కి చేసేది వాదా, అల్లాహ్ మోమిన్లకు చేసేది వాదా. అదే లఫ్జ్ తెలుగులోకి వచ్చి వాయిదా అయింది. మధ్యలో ఒక మజిలీ ఉంది లెండి. ఫలానా రోజుకు డబ్బు కడతానని ఇచ్చిన మాట వాయిదా, ఆ గడువూ వాయిదా. తర్వాత ఆ గడువును జరపడం కూడా వాయిదాయే అయింది. అప్పు తీసుకున్నవాడూ కోర్టు గుమాస్తా కలిసి చేసిన మరమ్మతు ఇది. రాజకీయ నాయకులకు దీంట్లో వాటా లేదని నేను అనను. "ఇచ్చిన మాట" అనే లఫ్జే "తర్వాత చూద్దాం" అయిన జబాన్ మనది. ఎన్నికల మీద ఇంతకంటే కురచ వ్యాసం ఎవరైనా రాయగలరా?

సవాల్ అంటే ఉర్దూలో ప్రశ్న. మద్రసాలో ఉస్తాద్ అడిగేది సవాల్, మేం చెప్పేది జవాబ్. తెలుగులో సవాలు అంటే తొడగొట్టడం. జవాబు మాత్రం జవాబుగానే ఉండిపోయింది, ప్రశ్న కయ్యమైపోయింది. ఎవరైనా ప్రశ్న అడిగితే కొట్లాటకు వచ్చాడని వినపడే చెవులు మనవి.

రాజీనామా ఇంకా మజాగా ఉంటుంది. రాజీ అంటే ఒప్పుకోలు, నామా అంటే రాత. ఇద్దరు కొట్లాడుకొని కలిసిపోతూ రాసుకునే కాగితం ఉర్దూలో రాజీనామా. పదవి వదిలేయడాన్ని ఉర్దూ అఖ్బారులు ఇస్తీఫా అంటాయి. కాబట్టి ఉర్దూ పేపర్లో ఇద్దరు లీడర్ల మధ్య రాజీనామా అని హెడ్డింగు వస్తే వాళ్లు ఆలింగనాలు చేసుకున్నారని అర్థం. తెలుగు పేపర్లో వస్తే ఇద్దరి కుర్చీలూ ఖాళీ. ఇది ఎట్లా జరిగిందో వెతికితే దొరికింది కూడా భూమి కథే. బొంబాయి రాష్ట్రపు రెవెన్యూ లెక్కల్లో రైతు శిస్తు కట్టలేక భూమి వదులుకుంటూ సర్కారుకు రాసిచ్చే కాగితం పేరు రాజీనామా. దాన్ని కొత్తగా తీసుకునేవాడు రాసిచ్చేది కబూలియత్. అంటే వదులుకోవడానికి ఒప్పుకున్నాను అని రైతు వేలిముద్ర వేశాడు. ఎంత రాజీయో ఆ వేలికే తెలియాలి. ఇవాళ మంత్రిగారు "స్వచ్ఛందంగా రాజీనామా చేశాను" అంటే నాకు ఆ వేలిముద్ర యాదికొస్తుంది.

మామూలు అంటే అరబ్బీలో "జరుగుతూ వచ్చేది", అమల్ నుంచి పుట్టిన మాట. తెలుగులో ఏకవచనంలో ఉన్నంతసేపు అది శరీఫ్ ఆద్మీయే. బాగున్నారా అంటే, మామూలేనండి. బహువచనం చేయండి: మామూళ్లు. ఒక్క "ళ్లు" చేరితే మాట జేబులోకి దిగిపోతుంది. ఏ వ్యాకరణంలోనూ రాయని సూత్రం ఇది. ఇక మా వృత్తి సంగతి. ఖబర్ అంటే వార్త. తెలుగులో కబురు వార్తే, కబుర్లు మాత్రం కాలక్షేపం. టీవీ చర్చలు చూసే మేధావులు ఈ బహువచనం సంగతి గమనించే ఉంటారు.

ఈ మాటలు ఎక్కడైనా చెబితే వెంటనే వినపడే జవాబు: "ఇవన్నీ నిజాం వాళ్ల మాటలు, తెలంగాణలో వాడతారు, మన వైపు కాదు." ఖైర్, ఆ మాట కూడా చూద్దాం. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి నెల్లూరు జిల్లాలోది. మద్రాసు రాష్ట్రం, తెల్లదొర కలెక్టరు, ఇంగ్లీషు ఫైళ్లు. ఆ దొరల కచేరీల్లోనే తహసీలు, జమాబందీ, ఫైసలా, దస్తావేజు, నకలు, రసీదు, జామీను పెరిగి పెద్దవయ్యాయి. కంపెనీ వాళ్లు నవాబుల దగ్గర్నుంచి పాలన లాక్కున్నారు గానీ లఫ్జుల్ని లాక్కోలేదు. అవసరం కొద్దీ ఉంచుకున్నారు. 1820లో కడపలో ఉద్యోగానికి దిగిన సి.పి. బ్రౌన్‌కి ఈ గోల బాగా తెలుసు. కచేరీలో వినపడే తెలుగు ఆయన చదివిన కావ్యాల్లో లేదు, కావ్యాల్లోది కచేరీలో లేదు. అందుకే పెద్ద నిఘంటువు చాలదని, 1852లో జిల్లా వ్యవహారాల మాటలకు ఒక నిఘంటువు, 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకూ మిశ్రమ భాషకూ మరో లుగత్ వేశాడు. తెలుగుకి అంత ఖిద్మత్ చేసిన మనిషి ఆ మాటల్ని ఊడ్చి పారేయలేదు. అవి లేకపోతే కడప రైతు ఏం చెబుతున్నాడో దొరకు అర్థం కాదని తెలుసు.

ఇంకా వెనక్కి పోదాం. ఇక్కడ నాకు దొరికిన ఒక నవాదిర్ వస్తువు చూపిస్తాను. రాజమహేంద్రవరం రెడ్డిరాజుల దగ్గర బెండపూడి అన్నయమంత్రి అని ఒకాయన ఉండేవాడు. శ్రీనాథుడు భీమేశ్వర పురాణం అంకితమిచ్చింది ఈయనకే. అంకితమిచ్చినప్పుడు పొగడాలి కదా. దేనికి పొగిడాడో తెలుసా? అరబ్బీ, తురుష్క భాషలతో సహా ఇన్ని భాషల్లో రాయగలడని. ఇది పదిహేనో శతాబ్దం మొదటి రోజుల సంగతి. గోలకొండలో కుతుబ్ షాహీలు ఇంకా పుట్టలేదు. ఆ రెడ్డిరాజుల వంశం మొదట జెండా ఎత్తింది మన అద్దంకిలో. అంటే ఆ కాలపు తెలుగు మంత్రికి అరబ్బీ రాయడం శరం కాదు, షాన్. ఉద్యోగ అర్హత అన్నమాట.

ఇంకొకటి. తెలుగులో సంస్కృతం కలపకుండా, అచ్చ తెలుగులో కావ్యం రాయాలని మొట్టమొదట పూనుకున్నది పొన్నిగంటి తెలగనార్యుడు. యయాతి చరిత్రము. ఒక్క తత్సమం పడకుండా రాశాడు. ఆ మహానుభావుడు దాన్ని ఎవరికి అంకితమిచ్చాడు? ఇబ్రహీం కుతుబ్ షా కొలువులో అమీరు అయిన పటాన్‌చెరు అమీన్ ఖాన్‌కి. అచ్చ తెలుగుకి మొదటి సరపరస్తు ఒక ఖాన్‌గారు! డిగ్రీ క్లాసులో ఈ సంగతి విన్నప్పుడు బెంచీలో మిగతావాళ్లు నోట్సు రాసుకున్నారు, నేను మాత్రం కిటికీలోంచి చూస్తూ లోపల్లోపల ఈద్ చేసుకున్నాను. ఆ ఇబ్రహీం కుతుబ్ షానే మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. మాలిక్ ఇబ్రహీం కాస్తా నాలుక మీద అరిగి, చివర రాముడు తేలాడు. మన పక్కనున్న కందుకూరు రుద్రకవికి చింతలపాలెం అగ్రహారంగా ఇచ్చింది కూడా ఈయనే.

ఇవి చెప్పడం "చూశారా, మా వాళ్లు ఎంత మంచివాళ్లో" అని సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి కాదు. సుల్తానులు సుల్తానులే. పన్ను వసూలు చేశారు, యుద్ధాలు చేశారు, ఒకరి గొంతు ఒకరు కోసుకున్నారు. నేను చూపిస్తున్నది భాషల మధ్య రాకపోకల్ని. పటాన్‌చెరులో ఖాన్‌గారు అచ్చ తెలుగు వింటున్నాడు, రాజమహేంద్రవరంలో మంత్రిగారు అరబ్బీ రాస్తున్నాడు. ఎవడి భాష ఎవడిదో తేల్చాలని వాళ్లకు తోచలేదు. మనకు తోచింది.

పొలంలోకి దిగితే ఇంకా మజా. రైతు అనే మాట అరబ్బీ రఅయ్యత్. దాని మూలంలో మేత ఉంది, కాపరి ఉన్నాడు. రఅయ్యత్ అంటే కాపరి కాచే మంద. అందుకే పాలకుడి కింద ఉండే జనం అని కూడా. పాలకుణ్ణి కాపరితో పోల్చి, మంద గురించి అతన్ని అడుగుతారని హెచ్చరించే హదీసు ఒకటి మనకు మషహూర్. అందులో ఉన్నది ఈ లఫ్జే. మన దగ్గర రఅయ్యత్ రైతయ్యాక కాపరి మాట జారిపోయి మేత సంగతి మాత్రం మిగిలింది. ఎవరు మేస్తున్నారన్నది వేరే చర్చ.

ఖరీఫ్ అంటే అరబ్బీలో శరదృతువు. రబీ అంటే వసంతం. నబీ కరీమ్ పుట్టిన నెల రబీవుల్ అవ్వల్‌లో ఉన్నది ఇదే రబీ. కనిగిరి వైపు నల్లరేగడిలో శనగ వేసే అన్న, "ఈసారి రబీ పోయింది భాయ్, వాన లేదు" అన్నప్పుడల్లా నా ఒక చెవిలో మీలాద్ సలామ్ వినపడుతుంది. రెండో చెవిలో ఆ అన్న అప్పు.

అడంగల్ తీసి పైన చూడండి. ఫసలీ అని ఒక అంకె ఉంటుంది. 2024 జూలై 1 నుంచి 2025 జూన్ 30 దాకా ఫసలీ 1434. ఇది ఏ పంచాంగం? అక్బర్ బాదుషా కాలంలో పంటల లెక్క కోసం హిజ్రీ సంవత్సరాన్ని తీసుకుని సూర్యుడి వెంట నడిపించారు. చంద్రుడి సంవత్సరం పదకొండు రోజులు ముందుకు పరిగెడుతుంది, పంట దాని వెంట పరిగెత్తలేదు కదా. దక్కన్‌కి ఆ లెక్క తర్వాత వచ్చింది. క్రీస్తు సంవత్సరంలోంచి 590 తీసేస్తే మన ఫసలీ. కంప్యూటర్లు వచ్చాయి, వెబ్‌సైట్లు వచ్చాయి, రంగులు మారిన పాసు పుస్తకాలు వచ్చాయి. వాటి మీద ముఖ్యమంత్రుల ఫోటో ఉండాలా వద్దా అని తగాదాలు వచ్చాయి. ఫసలీ మాత్రం కదల్లేదు. పొద్దున లేచి హిజ్రీ మనది కాదని మాట్లాడే మనిషి కూడా మధ్యాహ్నం మీసేవలో హిజ్రీ కడుపున పుట్టిన సంవత్సరంతో తన పొలం తనదని రుజువు చేసుకుంటున్నాడు.

జిల్లా అన్న మాటకు అరబ్బీలో అసలు అర్థం పక్కటెముక. పక్క, భుజం, ఆ తర్వాత దేశంలో ఒక పక్క. హవ్వమ్మను పుట్టించిన ఎముకే ప్రకాశం జిల్లాను కూడా పుట్టించిందని నేనంటే మౌలానాలు కోప్పడతారు, కాబట్టి అనను. తహసీల్ అంటే వసూలు. తహసీల్దారు అంటే వసూలుదారు. కలెక్టర్ అన్నా ఇంగ్లీషులో అదే. పైనున్నాయన ఇంగ్లీషు వసూలుదారు, కిందున్నాయన ఫార్సీ వసూలుదారు. 1985లో ఎన్టీఆర్ సర్కారు తాలూకాలు, ఫిర్కాలు తీసేసి వెయ్యికి పైగా మండలాలు చేసింది. తాలూకా అరబ్బీ, పోయింది. మండలం సంస్కృతం, వచ్చింది. బాగుంది. మరి దాని మీద కూర్చునే అధికారికి ఏం పేరు పెట్టారు? మండల రెవెన్యూ ఆఫీసర్. తెలుగు ఆత్మగౌరవం ఉర్దూ దర్వాజాలోంచి బయటికి వచ్చి ఇంగ్లీషు కిటికీలోంచి లోపలికి దూకింది. కొన్నేళ్లకు ఎమ్మార్వో పోయి తహసీల్దారు చల్లగా వచ్చి తన కుర్సీలో కూర్చున్నాడు. కుర్సీ కూడా అరబ్బీయే. అమ్మీ రాత్రి పడుకునే ముందు చదివే ఆయతుల్ కుర్సీలోనిదీ, అసెంబ్లీలో కొట్టుకునేదీ ఒకటే.

గుడి లోపల కూడా ఇదే హాల్. తిరుమలలో అర్చకుల వంశపారంపర్య హక్కును మిరాశీ అనేవారు. అరబ్బీ మీరాస్, వారసత్వం. 1987 చట్టంతో ఆ మిరాశీని రద్దు చేశారు. అదే కొండ మీద పేష్కార్ అనే ఉద్యోగం ఉంది, అది ఫార్సీ. శ్రీవారి సేవలో ఇన్నేళ్లుగా ఈ లఫ్జులు నిలబడి ఉంటే ఏ భక్తుడికీ అపచారం అనిపించలేదు. అనిపించకపోవడమే సరైనది కూడా.

అనిపిస్తున్నది ఎక్కడంటే టీ కొట్ల దగ్గర. 2022 మార్చిలో రాష్ట్రంలో ఉర్దూను రెండో అధికార భాష చేస్తూ అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. ఆ వారంలో పామూరు రోడ్డులో మేం రోజూ కూర్చునే చోట ఒక రిటైర్డ్ మాస్టారు నన్ను చూడగానే అందుకున్నారు. చాలా మంచి మనిషి, మా అబ్బాకు దోస్తు.

"ఏం భాయ్, ఉన్న తెలుగుకే దిక్కు లేదు, మళ్లీ ఉర్దూ ఏంది? ఈ జులుం ఏంది? ఈ సర్కారు మీద హైకోర్టులో దావా వెయ్యాల్సిందే. నాకు తెలిసిన వకీలు ఉన్నాడు. కాగితాలు నేనే తయారు చేయిస్తా. ఖర్చు ఎంతైనా పర్వాలేదు."

"ఎనిమిది, మాస్టారూ" అన్నాను.

"ఏంది ఎనిమిది?"

వేళ్లు మడిచి చూపించాను. జులుం, సర్కారు, దావా, వకీలు, కాగితం, తయారు, ఖర్చు, పర్వా. ఆయన కాసేపు నా వేళ్ల వంక చూసి, పగలబడి నవ్వారు. "అయితే దావాను తెలుగులో ఏమనాలి?" అని నన్నే అడిగారు. వ్యాజ్యం అన్నాను. "అది సంస్కృతం గదయ్యా!" అని మళ్లీ నవ్వు. టీ డబ్బులు ఆయనే ఇచ్చారు. ఉర్దూ బిల్లు మీద ఆయన రాయ్ మాత్రం మారలేదని ఈమాన్‌దారీగా చెప్పాలి. మారాలని నాకూ లేదు. తెలుగుకి దిక్కు లేదన్న ఆయన బాధ నిజం. కనిగిరిలో ఇంగ్లీషు మీడియం బోర్డు లేని ప్రైవేటు బడి వెతకాలంటే దుర్బీన్ కావాలి. అయితే తెలుగు గొంతు మీద కాలు ఎవరిదో చూడాలి. రెండో అధికార భాష అయ్యాక కూడా ఏ ఆఫీసులో ఉర్దూలో దరఖాస్తు ఇచ్చి ఉర్దూలో జవాబు తెచ్చుకున్నారో, అట్లాంటి ఖుష్‌నసీబ్ నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

గుంటూరులో జిన్నా టవర్ పేరు మార్చాలని లొల్లి జరిగి, 2022 ఫిబ్రవరిలో దానికి మూడు రంగులు వేశారు. జిన్నా మీద నాకు ముహబ్బత్ ఏమీ లేదు, ఆ టవర్ ఏ పేరుతో ఉన్నా దాని కింద ఆటోలు ఆగక మానవు. నేను చెప్పేదల్లా, గుంటూరు జిల్లాలో ఉర్దూ వాసన పోవాలంటే పని జిల్లా అన్న మాట దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అక్కణ్ణుంచి మిర్చి యార్డుకు పోవాలి. తెలుగువాడి మిరపకాయ ఆసియాలో పెద్ద సంత అని గర్వంగా చెప్పుకునే చోట బోర్డు మీద మిరప లేదు, ఉన్నది మిర్చి. లోపల దలాలీ ఉంది, బజారు ఉంది. వాయిదా ఉంది, బాకీ ఉంది, అసలు ఉంది. పొలం నుంచి యార్డు దాకా రైతు పడే అవస్థ మొత్తానికి మాటలిచ్చింది ఈ జబానే. అవస్థ తీసేయగలిగితే మాటలు వాటంతట అవే పోతాయి.

రెండో వైపు మా వాళ్లనూ వదలను. హైదరాబాదులో కొందరు ఉర్దూదాన్ జనాబ్‌లు ఉంటారు. ముద్దాయి, వాయిదా, రాజీనామా అని మనం అంటుంటే చెవులు మూసుకుని "గలత్, గలత్" అంటారు. ప్రకాశం, గుంటూరు ముసల్మాన్లు మాట్లాడే ఉర్దూ కూడా వాళ్ల లెక్కలో గలతే. మా ఖాఫ్ ఖే అవుతుంది, మా వాక్యం తెలుగు నడక నడుస్తుంది. తెలుగు దోస్తు "మీకు తెలుగు ఇంత బాగా ఎట్లా వచ్చింది?" అంటాడు, ఉర్దూ జనాబ్ "మీకు ఉర్దూ ఇంతేనా?" అంటాడు. ఇద్దరూ ముహబ్బత్‌తోనే అంటారు, అదే చిక్కు. వెయ్యేళ్లుగా ఈ మట్టి తింటున్నవాణ్ణి తెలుగు వచ్చినందుకు మెచ్చుకోవడం మెహమాన్‌ని మెచ్చుకున్నట్టు ఉంటుంది. గలత్ అనేవాళ్లతో నా బహస్ ఒక్కటే. అర్థం మారిన లఫ్జ్ చెడిపోయిన లఫ్జ్ కాదు. దాని మీద ఏం జరిగిందో అది దాచిపెట్టుకుంది. కైఫియత్ అంటే అరబ్బీలో "ఎట్లా ఉన్నది" అనే హాలత్. మెకంజీ దొర కోసం కావలి సోదరులు ఊరూరా తిరిగి కరణాల చేత రాయించిన ఊళ్ల చరిత్రలకు అదే పేరు పెట్టారు. నాకు ఇట్లాంటి ఒక్కో మాట ఒక్కో కైఫియత్తు.

కాబట్టి మళ్లీ ముద్దాయి దగ్గరికి. ఉర్దూలో ప్రతివాదిని ముద్దఆ అలైహ్ అంటారు, ఎవరి మీద దావా పడిందో వాడు. నోరు తిరగని ఆ పొడుగు మాటను కోర్టు బంట్రోతు తెంచి ముద్దాయి చేసి ఉంటాడని నా ఖయాల్. దావా వేసినవాడికి అప్పటికే ఫిర్యాది అనే కుర్సీ దొరికింది, ముద్దయీ సీటు ఖాళీ. పండితులు ఇంతటితో తృప్తిపడతారు. నాకు ఇంకో అనుమానం ఉంది. కచేరీ మెట్లెక్కిన పేదవాడికి లోపల రెండు బోనులూ ఒకటిగానే కనపడి ఉంటాయి. దావా వేసినవాడూ అరుపులు తింటాడు, దావా పడినవాడూ తింటాడు. ఎవరు ఏ పేరైతే ఏం?

పాతకాలపు సంగతి అనుకోకండి. 2007 మే 18, జుమ్మా. హైదరాబాద్ మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. తొమ్మిది మంది షహీదయ్యారు, ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు. అరబ్బీ లుగత్ ప్రకారం ఆ రోజు ముద్దయీలు ఎవరు? నమాజుకు పోయినవాళ్లు. తర్వాతి నెలల్లో పోలీసులు ఎత్తుకుపోయింది ఎవరిని? అదే పాతబస్తీ కుర్రాళ్లను. వాళ్లు తెలుగు నిఘంటువు ప్రకారం ముద్దాయిలయ్యారు. జైళ్లకు పోయారు, చదువులు పోయాయి, సంబంధాలు తప్పిపోయాయి. తర్వాత కోర్టులు వాళ్లను వదిలేశాయి. 2011లో ఉమ్మడి రాష్ట్ర సర్కారు 70 మందికి పరిహారం ప్రకటించింది, మంచి నడవడిక ఉన్నవాళ్లని కాగితాలు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. 2018 ఏప్రిల్‌లో, అసలు కేసులో విచారణకు నిలబడ్డ ఐదుగురినీ స్పెషల్ కోర్టు నిర్దోషులంది. ఇంత తిరిగాక లెక్క చూస్తే పద్నాలుగు కబరస్తాన్లు ఉన్నాయి, ముద్దాయి మాత్రం లేడు. ముద్దయీ ఉన్నాడా అంటే, ఉన్నాడు, నడవడిక సర్టిఫికెట్ జేబులో పెట్టుకొని.

ఇది ముసల్మాన్ల మసలా మాత్రమే అనుకుంటే పొరపాటు. అప్పటి మన జిల్లాదే చెబుతాను. 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర గేదెలు కడుగుతున్న మోతుబరి కుర్రాళ్లను దళితులు అడిగారు. ఈ నీళ్లు మేం తాగేవి, ఇదేంటి అని. ఉర్దూలో అది సవాల్, అంటే ప్రశ్న. ఊరి పెద్దల చెవికి తెలుగు సవాలుగా వినపడింది. ఒక దళిత మహిళ బిందె ఎత్తి అడ్డం నిలబడింది. మర్నాడు, 17వ తేదీన, ఊరి మీద పడి ఆరుగురు దళితుల్ని చంపారు. అదే సంవత్సరం తాలూకాలు పోయి మండలాలు వచ్చాయని పైన రాశాను. మాటల్ని మార్చడం సర్కారుకు ఎంత తేలికో, వినే చెవుల్ని మార్చడం ఎంత కష్టమో ఆ ఒక్క సంవత్సరంలోనే రెండూ చూడొచ్చు.

నా నోటు బుక్కులో అర్థం చెక్కుచెదరని మాటల కోసం ఒక పేజీ వదిలిపెట్టాను. ఆ పేజీ చాలా ఏళ్లు ఖాళీగానే ఉంది. ఇప్పుడు దాంట్లో ఒక లఫ్జ్ ఉంది: అర్జీ. అరబ్బీలో అర్జ్ అంటే విన్నవించుకోవడం, ఉర్దూలో అర్జీ అంటే విన్నపం రాసిన కాగితం, తెలుగులోనూ అదే. సోమవారం పొద్దున మా తహసీల్దారు ఆఫీసు దగ్గరికి పోతే కనపడుతుంది. ఆ కార్యక్రమానికి ఒక సర్కారు స్పందన అని పేరు పెట్టింది, తర్వాతి సర్కారు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంది. పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఆడవాళ్లకు ఈ పేర్లతో పని లేదు. ఎక్కడికి పోతున్నావు అక్కా అంటే, "అర్జీ ఇచ్చి వస్తా" అంటారు. చెట్టు కింద కూర్చున్న మనిషి యాభై రూపాయలు తీసుకొని రాసిపెడతాడు. పైన "గౌరవనీయులైన తహసీల్దారు గారికి" అని ఉంటుంది. కింద వేలిముద్ర. మధ్యలో భూమి సర్వే నెంబరు, ఫసలీ, ఇంతకు ముందు ఇచ్చిన అర్జీల తారీఖులు. మొన్న ఒకామె చేతిలో ఉన్నది నేను లెక్కపెట్టాను, అది ఏడోది.